ఎత్తు తొమ్మిదేళ్ళది, వయసు ఆరేళ్ళది: ఒక పిల్లల గుండె పరీక్షా కేంద్రంపై సమీక్ష

మా అబ్బాయికి సోటోస్ సిండ్రోమ్ ఉంది. పుట్టినప్పటి నుంచీ గుండె పరీక్షలు తప్పడం లేదు. ఇప్పటికి రెండు కేంద్రాలు చూశాం. ఈ సమీక్ష రెండోదాని గురించి, అంటే ఇప్పుడు వెళ్తున్నదాని గురించి. పేర్లు మాత్రం రాయను. మొదటి కేంద్రం గురించి చెప్పబోయేవి మంచి మాటలు కావు, రెండోదాని పేరు రాస్తే మొదటిది ఏదో ఊహించడం ఎవరికీ కష్టం కాదు.

వయసుకు మించి పెరిగే జన్యు రుగ్మతలున్న పిల్లలకు ఏ గుండె కేంద్రం పనికొస్తుందో తేల్చుకోవడానికి నా దగ్గర ఒకే గీటురాయి ఉంది. గుండెను ఒంటి కొలతను బట్టి చూస్తున్నారా? పిల్లవాడిని వయసును బట్టి చూస్తున్నారా? మొదటి చోట ఈ రెండూ తారుమారయ్యాయి. గుండెను వయసుతో కొలిచారు, పిల్లవాడిని ఒడ్డూ పొడుగూ చూసి అంచనా వేశారు. గుండెకు లేని జబ్బు అంటగట్టారు, పిల్లవాడికి లేని పెద్దరికం అంటగట్టారు.

తెలియనివారి కోసం కొంచెం వివరం. 1964లో సోటోస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించిన స్థితి ఇది. 5వ క్రోమోజోము మీద ఉండే ఎన్ఎస్‌డి1 అనే జన్యువులో మార్పే కారణమని 2002లో తేలింది. సుమారు 14,000 జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా. పిల్లలు పొడుగ్గా ఉంటారు, తల పెద్దదిగా ఉంటుంది, ఎముకల వయసు అసలు వయసు కంటే ముందు నడుస్తుంది. ఒంట్లో కండరాల బిగువు తక్కువ కాబట్టి నడక ఆలస్యం, మాటా ఆలస్యమే. ఎక్కువ మందిలో ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినది కాదు, బిడ్డలోనే కొత్తగా ఏర్పడిన మార్పు. ఎవరి వైపు నుంచి వచ్చిందన్న వాదన మా ఇంట్లో జన్యు పరీక్ష నివేదిక రాగానే ఆగిపోయింది. ఆ కాగితం చేసిన మొదటి మేలు అదే.

ఇక గుండె సంగతి. ఈ సిండ్రోమ్ ఉన్నవారిలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి పుట్టుకతో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. పై గదుల మధ్య గోడలో రంధ్రం, కింది గదుల మధ్య గోడలో రంధ్రం, లేదా కడుపులో ఉన్నప్పుడు తెరుచుకుని ఉండి పుట్టాక మూసుకుపోవలసిన నాళం మూసుకోకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. కొద్దిమందిలో ఎడమ జఠరిక, అంటే ఎడమ వైపు కింది గది, గోడ గట్టిపడకుండా స్పాంజిలా ఉండిపోవడం, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వెడల్పు కావడం కూడా వైద్యులు గమనించారు. మా వాడికి పుట్టినప్పుడు పై గదుల మధ్య చిన్న రంధ్రం, తెరిచి ఉన్న నాళం, రెండూ ఉన్నాయి. కామెర్లకూ పాలు తాగకపోవడానికీ వార్డులో ఉంచినప్పుడు ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండెను చూసే స్కాను, తీస్తే బయటపడ్డాయి. నాళం తనంతట తాను మూసుకుంది. రంధ్రం కూడా ఇప్పుడు కనిపించడం లేదు. మిగిలింది బృహద్ధమని మీద నిఘా. నా సమీక్షలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి కేంద్రంలో ఎత్తు కొలవలేదు. "ఎంత ఎత్తుంటాడమ్మా?" అని అడిగి, నేను చెప్పిన అంకె కార్డు మీద రాసుకున్నారు. తరువాత ఆ అంకెనూ వాడలేదు. ఎకోలో బృహద్ధమని మొదలు 22 మిల్లీమీటర్లు వచ్చింది. ఆరేళ్ళ పిల్లల పట్టికతో పోల్చి "వెడల్పుగా ఉంది" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేశారు. పరుగులు, ఎగరడం తగ్గించమన్నారు. నడక రావడానికే నానా తంటాలు పడిన పిల్లవాడు, అప్పుడప్పుడే పరుగు నేర్చుకుంటున్నాడు. వాడిని కూర్చోబెట్టండి అని చెప్పడానికి వారికి ఒక నిమిషం పట్టింది. కూర్చోబెట్టడానికి మాకు పట్టిన శ్రమ వేరు.

నేను వృత్తిరీత్యా లెక్కలు తనిఖీ చేసేదాన్ని. అంకె చూడగానే దేనితో పోల్చి చెప్పారన్నది అడగడం నా అలవాటు. రెండో కేంద్రం నాకు నచ్చడానికి మొదటి కారణం, అక్కడ ఆ ప్రశ్న నేను అడగవలసిన పని లేకపోయింది.

లోపలికి వెళ్ళగానే చెప్పులు విప్పించి, గోడకు బిగించిన కొలబద్ద ముందు నిలబెట్టి ఎత్తు తీశారు. 132 సెంటీమీటర్లు. బరువు 30 కిలోలు. రెంటినీ గుణించి, 3600తో భాగించి, వచ్చినదానికి వర్గమూలం కడితే ఒంటి ఉపరితల వైశాల్యం వస్తుంది. మా వాడికి సుమారు 1.05 చదరపు మీటర్లు. సగటు ఆరేళ్ళ పిల్లవాడికి ఇది 0.8 దగ్గర ఉంటుంది. పిల్లల గుండె కొలతలన్నీ ఈ వైశాల్యంతో పోల్చి చూడాలి, ఎందుకంటే గుండె పంపవలసిన రక్తం ఒంటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది, పుట్టిన తేదీని బట్టి కాదు. పోల్చగా వచ్చే అంకెను జెడ్ స్కోరు అంటారు. అదే ఒళ్ళున్న ఆరోగ్యవంతులైన పిల్లలలో నూటికి 95 మంది మైనస్ 2కీ ప్లస్ 2కీ మధ్య ఉంటారు. ప్లస్ 2 దాటితే వెడల్పయినట్టు లెక్క.

అదే 22 మిల్లీమీటర్లు. సగటు ఆరేళ్ళ ఒంటితో చూస్తే ప్లస్ 2 దాటుతుంది. వాడి ఒంటితో చూస్తే ప్లస్ 1 కంటే తక్కువ. వాడి బృహద్ధమని వాడికి సరిపోయినంతే ఉంది. ఈ లెక్కను డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించినప్పుడు నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఒక గుణకారం, ఒక భాగహారం, ఒక వర్గమూలం. ఇంతే కదా మొదటి చోట ఎగ్గొట్టిన పని!

ఆవిడ అక్కడితో ఆగి ఉంటే నేను ఇంత పొగిడేదాన్ని కాదు. ఇదే లెక్క రెండో వైపు కూడా మోసం చేయగలదని కూడా చెప్పారు. పిల్లవాడు ఎత్తు పెరగకుండా లావెక్కితే వైశాల్యం పెరుగుతుంది, జెడ్ స్కోరు తగ్గుతుంది. ధమని నిజంగానే సాగుతున్నా కాగితం మీద మాత్రం బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఆవిడ జెడ్ స్కోరు పక్కన మిల్లీమీటర్ల అంకె, ఆ రోజు ఎత్తు, బరువు విడివిడిగా రాస్తారు. నివేదిక చివర పాత అంకెలన్నీ ఒక వరుసలో ఉంటాయి. లెక్కలు చూసే మనిషికి ఇంతకంటే ప్రాణానికి సుఖం ఉండదు.

ఎకో గది గురించి ఎంత రాసినా తనివి తీరదు. పరీక్ష ముప్పావు గంట పైనే సాగింది. పరీక్ష చేసిన అమ్మాయి మొదట వయసు అడిగింది, "ఆరేళ్ళు" అన్నాను. ఆ క్షణం నుంచి వాడితో ఆరేళ్ళ పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడింది. ఛాతీ మీద ఆనించి చూసే ప్రోబు చేతికిచ్చి అరచేతి మీద పెట్టుకోనిచ్చింది. జెల్ గోరువెచ్చగా ఉంది, అది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చల్లటి జెల్ తగిలి మంచం దిగి పారిపోయిన పిల్లవాడిని పట్టుకుని తెచ్చిన తల్లికి చిన్నది కాదు. ఎడమ వైపు తిరిగి పడుకోమంటే మా వాడు పడుకోడు. దిండు ఒకటి వీపు వెనక పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, వాడంతట వాడే నా వైపు తిరిగేలా చేసింది. రక్తం పారే చప్పుడు వినిపించినప్పుడు వాడు "రైలు" అన్నాడు. ఆ తరువాత రైలు ఆగిపోతుందేమోనని కదలకుండా పడుకున్నాడు. మత్తు మందు మాటే రాలేదు. మొదటి చోట మత్తు ఇస్తే తప్ప కుదరదన్నారు.

చూడవలసినవన్నీ చూశారు. గోడలు, కవాటాలు, ఎడమ జఠరిక గోడ మందం, అందులో స్పాంజిలా కనిపించే భాగం ఏమైనా ఉందా అన్నది. బృహద్ధమనిని మాత్రం ఒక చోట కొలిచి వదిలేయలేదు. కవాటపు వలయం దగ్గర, ఆ పైన ఉబ్బెత్తుగా ఉండే భాగంలో, అది సన్నబడే చోట, పైకి వెళ్ళే భాగంలో, ఇలా నాలుగు చోట్ల కొలిచారు. గుండె ముడుచుకున్నప్పుడు, లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిచామని నివేదికలోనే రాశారు. ఇది ఎందుకు ముఖ్యమో అడిగి తెలుసుకున్నాను. పెద్దవాళ్ళకు చేసేచోట సాధారణంగా గుండె విప్పారినప్పుడు, అంచులను వేరే పద్ధతిలో తీసుకుని కొలుస్తారు. ఒకసారి ఇలా, ఒకసారి అలా కొలిస్తే ధమనిలో మార్పేమీ లేకుండానే అంకె మారిపోతుంది. పెరిగిందని కంగారు పడతాం, లేదా పెరిగినా తెలుసుకోలేం. మొదటి కేంద్రం నివేదికలో ఎక్కడ కొలిచారో కూడా లేదు. ఊరి పేరు లేకుండా దూరం రాసినట్టు ఉంది.

బీపీ దగ్గర కూడా ఇదే జాగ్రత్త కనిపించింది. పట్టీని వయసు చూసి ఎంచుకోకూడదు, చేయి చూసి ఎంచుకోవాలి. చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఇక్కడ ముందు టేపుతో మోచేతి పై భాగం చుట్టుకొలత తీసి, దానికి తగిన పట్టీ తీశారు. లోపలి గాలిసంచి వెడల్పు ఆ చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలట. వచ్చిన అంకెను కూడా వయసుతో పాటు ఎత్తును కలిపి చూశారు, ఎందుకంటే పొడుగు పిల్లలకు సహజంగానే బీపీ కాస్త ఎక్కువ ఉంటుంది.

ఈసీజీ మామూలే. ఒక్కటి చెప్పాలి. మొదటిసారి తీసినప్పుడు వాడు ఏడుస్తున్నాడు. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు క్యూటీ అనే వ్యవధిని (ఒక్కో స్పందనలో గుండె కింది గదుల విద్యుత్తు మొదలై ముగియడానికి పట్టే కాలాన్ని) యంత్రం వాడే మామూలు సూత్రంతో సరిచేస్తే, ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. యంత్రం ఇచ్చిన కాగితం చూసి అక్కడి టెక్నీషియన్ తల అడ్డంగా ఊపి, వాడు కుదుటపడే దాకా ఆగి, మళ్ళీ తీశాడు. ఆ రెండో కాగితమే ఫైలులో పెట్టారు.

డాక్టరమ్మ గురించి. మొదటి కలయికలోనే, "సోటోస్ పిల్లలను నేను ఎక్కువ మందిని చూడలేదమ్మా. చదువుకుని వస్తాను, ఈలోగా తొందరపడి ఏదీ తేల్చను" అన్నారు. ఈ మాటకు మావారు డీలా పడ్డారు. నాకు మాత్రం అప్పుడే నమ్మకం కలిగింది. తరువాత వెళ్ళినప్పుడు ఆవిడ నిజంగానే చదువుకుని ఉన్నారు. మూత్రపిండాల స్కాను అయిందా, వెన్ను వంకర ఎవరైనా చూశారా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని వరుసగా అడిగారు. గుండె వైద్యురాలికి వీటితో పని లేకపోవచ్చు, కానీ ఈ సిండ్రోమ్‌లో ఇవన్నీ ఒకే పిల్లవాడికి ఉండగలవని తెలిసినవారే అలా అడుగుతారు. చివరికి, "వాడిని పరుగెత్తనివ్వండి" అన్నారు. ఆడుతూ ఆడుతూ స్పృహ తప్పినా, శ్రమలో ఛాతీ నొప్పి అన్నా, కూర్చుని ఉండగానే గుండె దడదడలాడినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. లేకపోతే మామూలు పరీక్షకు గడువు రాసిచ్చారు.

సోటోస్ కాక మరో రుగ్మత ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు. అన్నీ ఒకటే అనుకుని అందరికీ ఒకటే పరీక్ష చేసే చోటుకు వెళ్ళకండి. బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోమ్ ఉన్న పసికందులలో కొందరికి గుండె పెద్దదిగా కనిపించి, ఎక్కువగా తనంతట తానే సర్దుకుంటుంది. కానీ వారిలో చాలామందికి నాలుక పెద్దది, పుట్టిన కొత్తలో కొందరికి రక్తంలో చక్కెర పడిపోతుంది. మత్తు ఇవ్వాలంటే ఊపిరి దారి గురించి ముందే ఆలోచించగలిగే మత్తు వైద్యుడు ఉండాలి. సింప్సన్-గోలబి-బెహ్మెల్ సిండ్రోమ్ ఎక్స్ క్రోమోజోముతో వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లోనే తీవ్రంగా ఉంటుంది. వారిలో నిర్మాణ లోపాలతో పాటు లయ తప్పడం కూడా ఉండగలదు, కాబట్టి ఎకో ఒక్కటే తీసి ఈసీజీ వదిలేస్తే సగం పనే. 2014లో గుర్తించిన టాటన్-బ్రౌన్-రెహమాన్ సిండ్రోమ్‌లోనూ, మలాన్ సిండ్రోమ్‌లోనూ బృహద్ధమని వెడల్పు కావడం కొందరిలో చూశారు. నేను పైన రాసిన కొలతల గొడవంతా వారికి మరింత అవసరం. ప్రోటియస్ సిండ్రోమ్‌లో భయం వేరు, సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. అక్కడ గుండె బాగుందన్న కాగితం ఒక్కటి చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు. ఈ కేంద్రంలో నింపమని ఇచ్చే పత్రంలో "జన్యు పరీక్షలో ఏ జన్యువు?" అన్న గడి ఉంది. "పొడుగు పిల్లవాడు" అని రాసి సరిపెట్టుకోరు. నేను ఆ గడి చూసే సగం మార్కులు వేశాను.

ఇప్పుడు లోపాలు. ఎన్నో ఉన్నాయి, మొహమాటం లేకుండా రాస్తాను.

ముందు గదిలో కూర్చునే వారికి లోపల ఏం జరుగుతుందో తెలిసినట్టు లేదు. "ఇంత పెద్దవాడివి, ఏడుస్తావా? నీకంటే చిన్న పాప చూడు ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మా వాడిని మందలించారు. ఆ చిన్న పాప వాడికంటే రెండేళ్ళు పెద్దదని వాళ్ళమ్మే చెప్పింది. ఈ పిల్లలకు ఇది రోజూ ఉండేదే. ఒళ్ళు చూసి తెలివి ఆశిస్తారు, రాకపోతే మొండి అంటారు. అసలే మాట ఆలస్యం, కొత్త చోట భయం ఎక్కువ. గుండె ఆసుపత్రిలో కూడా ఇది వినవలసి వస్తే ఎలా? ఫిర్యాదు రాసిచ్చాను. తరువాత వెళ్ళేసరికి వాడి ఫైలు అట్ట మీద వయసు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మందలింపులు ఆగాయి. మనిషికి చెప్పి ఉండవలసినది అట్టకు చెప్పారు, సరే, పని జరిగింది.

వేచి ఉండడం చాలా ఎక్కువ. ఇచ్చిన వేళకూ పిలిచే వేళకూ పొంతన లేదు. ఒకచోట కూర్చోలేని పిల్లలు వచ్చే చోట ఇది కేవలం అసౌకర్యం కాదు, పరీక్షే పాడవుతుంది. అలిసి ఏడ్చే పిల్లవాడికి బీపీ ఎక్కువ వస్తుంది, ఈసీజీ మళ్ళీ తీయాలి, ఎకోలో కదులుతాడు. ఇంత జాగ్రత్తగా కొలిచేవారు కొలతకు ముందు పిల్లవాడిని ఎలా ఉంచాలో ఆలోచించకపోవడం నాకు అర్థం కాదు. ఇలాంటి పిల్లలను రోజులో మొదటి వేళకు పిలిస్తే సగం సమస్య తీరుతుంది. అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి.

ఫోను ఎత్తరు. నివేదిక కావాలంటే మనిషి వెళ్ళవలసిందే. జెడ్ స్కోరు ఏ పట్టిక ఆధారంగా కట్టారో నివేదికలో అచ్చు కాదు. వేర్వేరు పట్టికలు కొంచెం వేర్వేరు అంకెలు ఇస్తాయి, కాబట్టి రేపు వేరే చోటికి వెళ్తే ఆ పేరు లేకుండా పోల్చడం కష్టం. నేను అడిగితే డాక్టరమ్మ పెన్నుతో రాసి సంతకం పెట్టారు. అందరూ అడగరు కదా, అచ్చులోనే ఉండాలి.

అన్నిటికంటే పెద్దది, ఈ పిల్లలు పెద్దవారైతే ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న. బృహద్ధమని మీద నిఘా పిల్లల వయసుతో ముగిసేది కాదు. పెద్దల గుండె కేంద్రంలో కొలిచే పద్ధతే వేరని పైన రాశాను. ఈ అంకెల వరుసను ఎవరు అందుకుంటారు, ఏ పద్ధతిలో కొనసాగిస్తారు? ఈ ప్రశ్న అడిగితే "ఇంకా చాలా టైముంది కదమ్మా" అన్నారు. నాకు నచ్చని జవాబు ఇదొక్కటే. మా వాడికి టైముంది నిజమే, వాడి కంటే ముందు వరుసలో ఉన్న పొడుగు పిల్లలకు లేదు.

నా మార్కులు: కొలతలకు అయిదుకు అయిదు, వైద్యానికి అయిదుకు అయిదు, ముందు గదికి రెండు, ఫోనుకు సున్నా. మొత్తం మీద నాలుగు. వెళ్ళేటప్పుడు జన్యు పరీక్ష కాగితం నకలు, పాత ఎకో నివేదికలు అన్నీ తీసుకువెళ్ళండి. ఎకో దృశ్యాలు కూడా అడిగి తీసుకోండి, కేవలం నివేదిక కాదు. పాత దృశ్యాల మీద మళ్ళీ కొలిచే వీలు ఉంటుంది. మా మొదటి కేంద్రం "వెడల్పు" అన్న బృహద్ధమనిని డాక్టరమ్మ మళ్ళీ కొలిచి చూసింది ఆ దృశ్యాల మీదే. వారి కొలత తప్పు కాదట, 22 మిల్లీమీటర్లు సరిగ్గానే కొలిచారు.